అద్దె ఫ్లాట్ల వెయిటింగ్ లిస్టులు, లంచాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వమో, మున్సిపాలిటీయో, సహకార సంఘమో, ట్రస్టో నడిపే అద్దె ఫ్లాట్ల కోసం పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నవాళ్ల కోసం ఈ పేజీ. "లైన్లో ఉన్నారు, వచ్చినప్పుడు చెప్తాం" అన్న మాట తప్ప వాళ్లలో చాలామందికి ఇంకేమీ తెలియదు. చట్టాలు దేశానికో రకంగా ఉంటాయి. జాబితాను తారుమారు చేసే పద్ధతులు మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. ప్రైవేటు ఓనర్ల గురించిన ప్రశ్నలకు చివర్లో కొంచెం చోటిచ్చాను.

జాబితా ఏళ్ల తరబడి కదలడం లేదంటే లోపల అవినీతి ఉన్నట్టేనా?

అలా అనలేం. స్టాక్‌హోంలో నగరపాలక సంస్థ నడిపే అద్దె ఇళ్ల జాబితాలో 7 లక్షలకు పైగా పేర్లున్నాయి. ఇల్లు దొరకడానికి సగటున దాదాపు 9 ఏళ్లు పడుతోంది. అయినా అక్కడ ఖాళీ ఫ్లాట్లను అందరికీ కనిపించేలా ప్రకటిస్తారు, దరఖాస్తు పెట్టినవాళ్లలో ఎవరు ముందు చేరారో చూసి ఇస్తారు. ఇప్పటికే సొంత ఇళ్లున్నవాళ్లు కూడా ఎందుకైనా మంచిదని చిన్న వార్షిక ఫీజు కట్టి వరసలో ఉండిపోవడం వల్ల ఆ సంఖ్య ఇంకా ఉబ్బింది. హాంకాంగ్‌లో ప్రభుత్వ అద్దె ఇళ్లకు సుమారు 3 ఏళ్లలో ఇల్లు చూపించాలన్నది లక్ష్యం. 2022 నాటికి సగటు నిరీక్షణ 6 ఏళ్లు దాటింది. ఆ లెక్కను గృహనిర్మాణ సంస్థే మూడు నెలలకోసారి బయటపెడుతుంది.

ఇళ్లు చాలకపోతే జాబితా పొడవవుతుంది, దానికి ఎవరూ లంచం తినక్కర్లేదు. నన్నడిగితే, మీ నంబరు ఎంతో అడిగినప్పుడు ఏం జవాబొస్తుందో చూడండి. నంబరు, తేదీ, కేటగిరీ టకటకా చెప్పగలిగితే ఆ ఆఫీసు మీద కాస్త నమ్మకం పెట్టుకోవచ్చు. "అవన్నీ బయటికి చెప్పం" అంటే మాత్రం అనుమానించాల్సిందే.

మరి లంచం ఎక్కడ పుడుతుంది?

రెండు అద్దెల మధ్య తేడాలో. జాబితా ద్వారా వచ్చే ఫ్లాటుకు కట్టే అద్దె, అలాంటి ఫ్లాటుకే బయట కట్టే అద్దెలో సగం అనుకుందాం. ఆ మిగిలే సగం నెలనెలా, ఏళ్ల తరబడి మీ జేబులోనే ఉంటుంది. అంటే ఆ కేటాయింపు కాగితానికి ఒక ధర ఉన్నట్టే. ఆ ధర ఎవరి చేతికీ చిక్కకుండా గాల్లో తేలుతూ ఉంటుంది. కాగితం మీద సంతకం పెట్టే మనిషికి అది బాగా తెలుసు, బయట తిరిగే దళారీకి ఇంకా బాగా తెలుసు.

తేడా ఉన్నంత మాత్రాన లంచం రాదు. ఎవరికివ్వాలో ఒక్క మనిషి నిర్ణయించగలగాలి, ఆ నిర్ణయాన్ని ఇంకెవరూ చూడకుండా ఉండాలి. న్యూయార్క్ నగర గృహనిర్మాణ సంస్థలో 2024 ఫిబ్రవరిలో 70 మంది ప్రస్తుత, మాజీ ఉద్యోగుల మీద ఒకేసారి లంచం కేసులు పెట్టారు. అవి ఫ్లాట్ల కేటాయింపు గురించి కావు, రిపేరు పనుల గురించి. నిర్ణీత మొత్తం కంటే చిన్న పనులకు టెండరు అక్కర్లేదు, కాంట్రాక్టరును కింది అధికారే ఎంచుకోవచ్చు. ఆ సందులోంచే చేయి చాచారన్నది అభియోగం. వెయిటింగ్ లిస్టులో కూడా ఇలాంటి సందులే వెతకాలి: ఒక్కరి సంతకంతో, టెండరో ప్రకటనో లేకుండా జరిగిపోయే పని ఏది?

జాబితాను ఎలా తారుమారు చేస్తారు?

మీ పేరు పక్కన ఉన్న నంబరును చెరిపి ఇంకొకటి రాస్తారని చాలామంది ఊహిస్తారు. అది మోటు పద్ధతి, ఈ రోజుల్లో అరుదు. తెలివైనవాళ్లు నంబరు జోలికే పోరు, నంబరు చుట్టూ ఉన్నవాటిని కదుపుతారు.

అన్నిటికంటే తేలికైనది ఉత్తరం దారి తప్పడం. మీ వంతు వచ్చిందని ఒక లెటరు తయారవుతుంది. అది మీ పాత అడ్రసుకు పోతుంది, లేదా టపాలోకి వెళ్లనే వెళ్లదు. పది రోజుల్లో జవాబు రాలేదు కాబట్టి "దరఖాస్తుదారు ఆసక్తి చూపలేదు" అని ఫైల్లో రాసేస్తారు. కాగితాల ప్రకారం తప్పు మీదే. ఫ్లాటు తర్వాతి మనిషికి వెళ్తుంది. ఆ మనిషికి మాత్రం ఉత్తరం అందుతుంది, చిత్రంగా ఫోన్ కూడా వస్తుంది.

ఇంకో పద్ధతి ఖాళీని దాచిపెట్టడం. పాతవాళ్లు ఖాళీ చేసిన ఫ్లాటును "రిపేరులో ఉంది" అని నెలల తరబడి రికార్డులో ఉంచుతారు. తమవాళ్ల కాగితాలు సిద్ధమయ్యాక ఒక్కసారిగా రిపేరు పూర్తవుతుంది. మూడోది, అత్యవసర కోటా. అగ్నిప్రమాదంలో ఇల్లు పోయినవాళ్లకీ, గృహహింస నుంచి తప్పించుకొచ్చినవాళ్లకీ ఉండాల్సిన దారిలోంచి ఒక సర్టిఫికెట్ పట్టుకుని ఎవరో దర్జాగా లోపలికి నడిచొస్తారు. అందుకే ఈ కోటా దుర్వినియోగం నాకు మిగతావాటికంటే ఎక్కువ ఒళ్లు మండిస్తుంది. నిజంగా రోడ్డున పడ్డవాళ్ల చోటు అది.

దరఖాస్తు "అసంపూర్ణం" కావడం కూడా ఉంది. మీరిచ్చిన ఆదాయ ధ్రువపత్రం ఫైల్లోంచి మాయమవుతుంది, మళ్లీ ఇస్తే ఆ రోజు తేదీతో కొత్త దరఖాస్తు కింద లెక్కేస్తారు. జాబితా తెరిచే రోజును ముందే కొందరికి చెప్పడం, బదిలీ పేరుతో లోపలివాళ్లకు పెద్ద ఫ్లాటు ఇచ్చి వాళ్ల చిన్న ఫ్లాటును బంధువుల పేరు మీదికి మార్చడం, ఇవన్నీ ఆ కోవలోవే.

నా తర్వాత పేరు రాయించుకున్న ఆయనకు ముందే ఇల్లొచ్చింది. ఇది అన్యాయం కాదా?

కావచ్చు, కాకపోవచ్చు. కోపంలో ఫిర్యాదు పెట్టేముందు నాలుగు విషయాలు కనుక్కోండి. ఆయన అడిగింది మీరడిగిన సైజు ఫ్లాటేనా? ఒక గది ఫ్లాట్ల జాబితా, మూడు గదుల జాబితా వేర్వేరుగా కదులుతాయి. ఆయన ఇంట్లో వికలాంగులున్నారా? ఏ ఏరియా అయినా పర్లేదని రాశారా, మీరు ఒకే ఏరియా అడిగారా? మీరు వద్దన్న ఫ్లాటు గతంలో ఏదైనా ఉందా? కొన్నిచోట్ల రెండు మూడుసార్లు వద్దంటే పేరు కిందికి పోతుంది.

వీటిలో ఏదీ వర్తించకపోతే అప్పుడు అడగండి. ఆయన వివరాలు మీకివ్వరు, ఇవ్వకూడదు కూడా. "ఫలానా తేదీన కేటాయించిన ఫ్లాటు ఏ కేటగిరీలో, ఏ నమోదు తేదీ ఉన్నవారికి వెళ్లింది" అని అడగొచ్చు. పేరు లేకుండా ఆ జవాబివ్వడం ఏ ఆఫీసుకైనా సాధ్యమే.

ఫీజుకూ లంచానికీ తేడా ఎలా తెలుస్తుంది?

రసీదు. సంస్థ పేరున్న రసీదు, ముందే ప్రకటించిన రేటు, సంస్థ ఖాతాకు చెల్లింపు. ఈ మూడిట్లో ఒక్కటి లేకపోయినా ఆగండి.

చట్టం ఏం ఒప్పుకుంటుందో కూడా చూసుకోండి. ఇంగ్లండ్‌లో 2019లో వచ్చిన చట్టం అద్దెదారుల నుంచి వసూలు చేసే చాలా ఫీజుల్ని ఎత్తేసింది, ఫ్లాటును ఆపి ఉంచడానికి తీసుకునే డబ్బు ఒక వారం అద్దెను మించకూడదంది. న్యూయార్క్ రాష్ట్రంలో అదే ఏడాది నుంచి దరఖాస్తు పరిశీలన ఫీజు గరిష్ఠంగా 20 డాలర్లు. కాబట్టి రసీదు ఇచ్చినంత మాత్రాన ప్రతి ఫీజూ సక్రమం అయిపోదు.

"లోపల మన మనిషి ఉన్నాడు" అని ఒకాయన అంటున్నాడు. నమ్మొచ్చా?

వద్దు. ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో ఒక్కసారి దగ్గరగా చూడండి. ఆయన పది మంది దగ్గర డబ్బు తీసుకుంటాడు. ఎవరి కోసమూ ఏమీ చేయడు. ఆ పది మందిలో ఒకరిద్దరికి మామూలుగానే వంతు వస్తుంది. "చూశారా, చేయించాను" అంటాడు. వాళ్లు నమ్మి ఇంకో నలుగురికి చెప్తారు. మిగతావాళ్లకు "పై ఆఫీసరు మారాడు, ఇంకొంచెం సర్దాలి" అని చెప్తాడు. లంచం ఇచ్చి మోసపోయామని పోలీసుల దగ్గరికి వెళ్లడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? ఆ మౌనమే ఆయన పెట్టుబడి.

నిజంగానే లోపల మనిషి ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం. ఇల్లొచ్చాక కూడా ఆ రహస్యం వాళ్ల చేతిలో ఉంటుంది. విచారణ జరిగిన రోజు కేటాయింపు రద్దయితే సామానుతో బయటికి వచ్చేది మీరే.

కౌంటర్ దగ్గరే డబ్బు అడిగితే ఏమనాలి?

సూటిగా ఎవరూ అడగరు. "మా సంగతి కూడా కొంచెం చూడండి", "ఫైలు కదలాలంటే చేయి తడవాలి కదా", లేదా ఏమీ అనకుండా కాగితాలు పక్కన పెట్టి మీ మొహంలోకి చూస్తూ కూర్చోవడం. అర్థం కానట్టు ఉండటమే మొదటి ఎత్తు. "ఏదైనా ఫీజు ఉందాండీ? రేటు ఎంతో రాసివ్వండి, ఖాతాకు పంపిస్తాను" అనండి, వినయంగానే. చాలాసార్లు అక్కడితో మాట మారిపోతుంది.

మారకపోతే గొడవ పెట్టుకోకండి. "ఇంట్లో అడిగి చెప్తాను" అని బయటికి రండి. బయటికి రాగానే తేదీ, టైము, కౌంటర్ నంబరు, అన్న మాటలు అన్నట్టుగా రాసుకోండి. ఆ రోజు రాసుకున్న నాలుగు వాక్యాలకు ఆర్నెల్ల తర్వాత గుర్తుతెచ్చుకుని రాసే నాలుగు పేజీల కంటే విలువ ఎక్కువ. వీలైతే ఆ సాయంత్రమే ఆఫీసుకు ఒక ఈమెయిల్ పెట్టండి: "ఈ రోజు మీ కార్యాలయానికి వచ్చాను. నా దరఖాస్తు ముందుకు వెళ్లడానికి అదనపు చెల్లింపు అవసరమని నాకు అర్థమైంది. ఏ నిబంధన కింద, ఎంత, ఎవరికి చెల్లించాలో దయచేసి తెలపండి." ఎవరినీ నిందించలేదు. కానీ విషయం రికార్డులోకి ఎక్కింది.

ఫోన్లో రికార్డ్ చేయొచ్చా?

దేశాన్ని బట్టి, కొన్నిచోట్ల రాష్ట్రాన్ని బట్టి కూడా మారుతుంది. మాట్లాడేవాళ్లలో ఒకరికి తెలిస్తే చాలనేవి కొన్ని, అందరి అనుమతీ ఉండాలనేవి కొన్ని. తెలుసుకోకుండా రికార్డ్ చేసి, దాన్ని సోషల్ మీడియాలో పెడితే లంచం అడిగినవాడు బయటే ఉండి మీరు కోర్టు చుట్టూ తిరిగే అవకాశం ఉంది. అవినీతి నిరోధక సంస్థకు ముందే చెప్పి, వాళ్ల సలహాతో చేయడం క్షేమం.

డబ్బు ఇచ్చేశాను. ఇప్పుడేం చేయాలి?

ముందు ఇంకో రూపాయి ఇవ్వడం ఆపండి. "ఇంత దూరం వచ్చాం కదా" అనుకుంటూ రెండో విడత ఇచ్చేవాళ్లే ఎక్కువగా మునుగుతారు.

తర్వాత లాయరును కలవండి, ఆలస్యం చేయకుండా. ఇచ్చినవాళ్ల మీద కూడా కేసు పెట్టే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. స్వీడన్‌లో అద్దె ఒప్పందాన్ని నల్లబజారులో అమ్మేవాళ్లకే మొదట్లో శిక్ష ఉండేది. 2019 అక్టోబర్ నుంచి కొన్నవాళ్లకు కూడా శిక్ష పడుతుంది. భారతదేశంలో 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. అయితే బలవంతం మీద ఇచ్చినవాళ్లు 7 రోజుల్లోగా దర్యాప్తు సంస్థకు తెలిపితే ఆ సెక్షన్ వాళ్లకు వర్తించదు. వారం అంటే టెన్షన్ పడుతూ కూర్చుంటే ఇట్టే గడిచిపోతుంది.

డబ్బు లేదు, ఒక పెద్దాయన రికమండేషన్ మాత్రమే. అది కూడా తప్పేనా?

మీ పరిస్థితిని ఆఫీసుకు వివరిస్తూ డాక్టరో, సామాజిక కార్యకర్తో రాసిన ఉత్తరం తప్పు కాదు. వరస దాటించమని పలుకుబడి ఉన్నవాళ్లు చేసిన ఫోన్ కాల్ తప్పే. డబ్బు చేతులు మారకపోయినా వెనకున్నవాళ్లకు జరిగే నష్టం అదే.

దీనికి ఎక్కువగా చెప్పుకునే ఉదాహరణ ఉత్తర ఐర్లండ్‌లోని కాలెడాన్. 1968లో అక్కడ ప్రభుత్వ ఇళ్ల కోసం పిల్లలున్న కాథలిక్ కుటుంబాలు ఎదురుచూస్తుంటే, ఒక ఇంటిని 19 ఏళ్ల ఒంటరి ప్రొటెస్టెంటు యువతికి కేటాయించారు. ఆమె ఒక స్థానిక రాజకీయ నాయకుడి దగ్గర సెక్రటరీగా పనిచేసేది. ఆ జూన్‌లో ఆస్టిన్ కర్రీ అనే పార్లమెంటు సభ్యుడు ఆ ఇంట్లోకి వెళ్లి కూర్చుని నిరసన తెలిపాడు, పోలీసులు బయటికి లాగారు. పౌరహక్కుల ఉద్యమానికి అది పెద్ద ఊపునిచ్చింది. ఆ ఇంటి వెనక ఇంకో లెక్క ఉంది: అప్పట్లో అక్కడ స్థానిక ఎన్నికల్లో ఓటు ఇంటి యజమానులకూ, ఇల్లు అద్దెకున్నవాళ్లకూ, వాళ్ల భార్యాభర్తలకూ మాత్రమే. ఇల్లు ఇస్తే ఓటు ఇచ్చినట్టే, ఆపితే ఓటు ఆపినట్టే. చివరికి 1971లో ఇళ్ల కేటాయింపును స్థానిక కౌన్సిళ్ల చేతిలోంచి తీసేసి ఒక ప్రత్యేక సంస్థకు అప్పగించారు. ఈ మొత్తం కథలో ఎవరూ ఎవరికీ కవరు ఇవ్వలేదు.

తేదీ ప్రకారం ఇవ్వాలా, పాయింట్ల ప్రకారమా, లాటరీనా? ఏది తక్కువ మోసం?

మోసం అవకాశం మాత్రమే చూస్తే తేదీ పద్ధతి అన్నిటికంటే సూటిగా ఉంటుంది. తేదీ మీద వాదనకు తావు లేదు. కానీ నిన్న ఇల్లు కోల్పోయినవాళ్లకు అది ఏమీ చేయదు. పాయింట్ల పద్ధతి అవసరాన్ని చూస్తుంది, వియన్నా 1920లలోనే తన మున్సిపల్ ఇళ్లకు ఆ దారి పట్టింది. నేడు ఆ నగరానికి దాదాపు 2 లక్షల 20 వేల ఫ్లాట్లున్నాయి. చిక్కెక్కడంటే పాయింట్లు వేసేది మనిషి. "ఇరుకు", "అనారోగ్యం" అన్న మాటలకు కొలతలు ముందే రాసి పెట్టకపోతే పెన్ను ఎటైనా వంగుతుంది. లాటరీ నిష్పక్షపాతంగా ఉంటుంది, కానీ పదేళ్లు ఓపిక పట్టినవాళ్లకు నిన్న వచ్చినవాళ్లతో సమానంగా చీటీ వేయడం మనసుకు పట్టదు.

నా ఓటు పాయింట్లకే, ఒక షరతు మీద: ఎవరి పాయింట్లు వాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వాలి, అప్పీలుకు దారి ఉండాలి.

ఫిర్యాదు ఎలా రాయాలి?

పొట్టిగా. ఆవేశం ఉత్తరంలో కనిపిస్తే చదివేవాళ్లు దాన్నే పట్టుకుంటారు. "మీ ఆఫీసంతా అవినీతిపరులే" అనే వాక్యం ఒక్కటి చాలు, మిగతా పేజీ చదవకుండా పక్కన పెట్టడానికి. ఇలా రాయొచ్చు:

"నా దరఖాస్తు నంబరు ఇది. ఫలానా తేదీన రెండు గదుల ఫ్లాటుకు నమోదయ్యాను. గత ఏడాది నా స్థానం ఇంత అని మీ కార్యాలయం తెలిపింది, ఆ ప్రతి జతచేశాను. ఇప్పుడు నా స్థానం వెనక్కి వెళ్లినట్టు కనిపిస్తోంది. దయచేసి ఈ మూడు విషయాలు రాతపూర్వకంగా తెలపండి: నా ప్రస్తుత స్థానం, అది మారడానికి కారణమైన నిబంధన, ఈ మధ్యకాలంలో నా కేటగిరీలో ఎన్ని ఫ్లాట్లు కేటాయించారు."

ప్రశ్నలకు జవాబు చెప్పక తప్పదు, ఆరోపణను కాదంటే సరిపోతుంది. అందుకే మొదటి ఉత్తరంలో ప్రశ్నలే ఉండాలి.

ఎవరికి పంపాలి?

మొదట ఆ సంస్థకే, కాపీ పై అధికారికి. గడువు దాటాక అంబుడ్స్‌మన్ (ప్రజల ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి), అవినీతి నిరోధక సంస్థ, ఆడిట్ విభాగం లాంటివి. సమాచార హక్కు చట్టం ఉన్నచోట దాన్ని వాడండి. భారతదేశంలో సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థలు తమ కేటాయింపు పద్ధతి సారాంశాన్ని ప్రచురించాలి, అడిగినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. ఫ్రాన్స్‌లో సామాజిక గృహాలకు దరఖాస్తు చేస్తే నమోదు నంబరు, తేదీ ఉన్న ధ్రువపత్రం ఇస్తారు. అలాంటి కాగితం మీకు ఇవ్వకపోతే మొదటి ఉత్తరం దాని కోసమే రాయండి.

ఒంటరిగా వెళ్లడానికి జంకుతున్నారా? అదే జాబితాలో ఉన్న ఇంకో నలుగురితో కలిసి సంతకాలు పెట్టండి. కక్ష తీర్చుకోవాలనుకున్నా ఐదుగురి ఫైళ్లు ఒకేసారి కనిపించకుండా పోవడం కష్టం.

ప్రైవేటు ఓనరు "ఎవరు ఎక్కువిస్తే వాళ్లకే" అంటున్నాడు. ఇది లంచమా?

లంచం కాదు, వేలం. చట్టవిరుద్ధమా కాదా అన్నది చోటును బట్టి ఉంటుంది. ఇంగ్లండ్‌లో 2025లో చేసిన చట్టం ప్రకటించిన అద్దె కంటే ఎక్కువ అడగడాన్ని, ఒప్పుకోవడాన్ని నిషేధిస్తుంది. ఓనరుకు తెలియకుండా మేనేజరో, వాచ్‌మనో "నాకు ఇంత ఇస్తే మీ దరఖాస్తు పైన పెడతాను" అంటే మాత్రం అది వేరే సంగతి. ఓనరుకు నేరుగా చెప్పండి. ఇందులో మోసపోతున్నది ఆయన కూడా, అందుకే ఇలాంటి ఫిర్యాదులు చాలాసార్లు చకచకా తేలిపోతాయి.

వరసలో తన చోటును అమ్ముతానని ఒకరు అంటున్నారు.

ఆ చోటు వాళ్ల పేరు మీద, వాళ్ల గుర్తింపు కార్డు మీద ఉంది. మీకు బదిలీ కాదు. వాళ్ల పేరుతో ఫ్లాటు తీసుకుని మీరుంటే, తనిఖీకి వచ్చిన రోజున మీకు ఆ ఇంట్లో ఏ హక్కూ లేదు.

నేను అలాంటి ఆఫీసులోనే పనిచేస్తున్నాను. ఏం మార్చమని అడగాలి?

ఎవరు ఏ ఎంట్రీని ఎప్పుడు మార్చారో చెరగని రికార్డు కావాలి. అత్యవసర కోటాకు ఒక్కరి సంతకం చాలదనే నియమం పెట్టాలి. ఖాళీ అయిన ప్రతి ఫ్లాటు ఎన్ని రోజులు ఖాళీగా ఉందో ప్రతి నెలా గోడకు అంటించండి. ఈ చివరిది పైసా ఖర్చు లేనిది. గట్టిగా వ్యతిరేకించేవాళ్లు ఎవరో కూడా అక్కడే బయటపడుతుంది.

"మీ పేరు జాబితాలోంచి తీసేశాం" అని లెటరు వచ్చింది.

తేదీ చూడండి. అప్పీలు గడువు సాధారణంగా ఆ లెటరు తేదీ నుంచే మొదలవుతుంది, మీ చేతికి అందిన రోజు నుంచి కాకపోవచ్చు. కవరును పారేయకండి, దాని మీద ముద్ర మీకు సాక్ష్యం. ఎక్కువసార్లు కారణం "ఏటా చేయాల్సిన నవీకరణ చేయలేదు" అని ఉంటుంది. నవీకరణ నోటీసు ఏ అడ్రసుకు, ఏ రోజు పంపారో అడగండి. మీరు అడ్రసు మార్పు తెలియజేసిన రుజువు ఉంటే జతచేయండి. పాత నమోదు తేదీతోనే పేరు తిరిగి చేర్చమని స్పష్టంగా రాయండి. ఆ మాట రాయకపోతే కొత్త తేదీతో చేర్చి, పని అయిపోయిందంటారు. ఈలోగా పాత దరఖాస్తు వదులుకుంటున్నట్టు ఉండే ఏ ఫారం మీదా సంతకం పెట్టకండి.